కార్బురేటర్ పుట్టిన ఏడాదే పుట్టిన మనిషి

పోయిన దసరా సెలవుల్లో నేను ఒక బండి ఇంజిన్ పాడు చేశాను. చేత్తో స్పానర్ కూడా పట్టుకోలేదు. ఫోన్ పట్టుకున్నా, అంతే.

మా చిన్నాయనకి ఆళ్లగడ్డలో హైవే పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. మాది నంద్యాల. బస్సెక్కితే గంట ప్రయాణం. సెలవులొస్తే అక్కడికి పోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. షెడ్డు పక్కనే రాతి విగ్రహాలు చెక్కే చోటు ఉంది. ఆళ్లగడ్డ శిల్పాల గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలి చప్పుడే. ఈ మధ్య షెడ్డులో నాకొక ఉద్యోగం దొరికింది. పాత బండ్లకి దొరకని పార్టులు ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించడం. చిన్నాయనకి ఆ వెతుకులాట రాదు, నాకు అది తప్ప ఇంకోటి రాదు.

దగ్గరి పల్లె నుంచి ఒక రైతు యమహా ఆర్ఎక్స్ 100 తోలించుకొచ్చాడు. వాళ్ల నాన్న బండి. ఆయన పోయాక కొన్నేళ్లు గడ్డివాములో ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఆయన కోరిక. ఇంజిన్ బాగానే ఉంది కానీ కార్బురేటర్ లోపలంతా తెల్లగా పొట్టు కట్టింది, స్లైడ్ అరిగిపోయింది. ఒరిజినల్ కార్బురేటర్ రేటు ఎక్కువ, పైగా మూడు వారాలు ఆగాలి. నేను వెతికితే అచ్చం అలాంటిదే మూడో వంతు రేటుకి దొరికింది. మీద పెద్ద కంపెనీ పేరు కూడా ఉంది. చిన్నాయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి కాస్త తటపటాయించాడు. నేను ఫోన్‌లో స్టార్ రేటింగులు చూపించా. సరే బిగిద్దాం అన్నాడు.

బండి స్టార్ట్ అయింది. ఐడ్లింగ్ కూడా చక్కగా నిలబడింది. నాలుగో రోజు ఆ రైతు అహోబిలం దారిలో పోతుంటే ఇంజిన్ సీజ్ అయింది. వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. స్పీడు లేదు కాబట్టి ఆయనకేం కాలేదు. ఆటోలో బండి వేసుకొచ్చి షెడ్డు ముందు దించాడు. కోప్పడలేదు. బాగవుతుందా అని మాత్రం అడిగాడు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు. కార్బురేటర్‌లోంచి మెయిన్ జెట్ తీసి పాత జెట్ పక్కన పెట్టి సన్నటి పిన్నుతో పోల్చాడు చిన్నాయన. రెండిటి మీదా నంబరు ఒకటే, రంధ్రాలు మాత్రం వేరు. కొత్తదాని రంధ్రం చిన్నది, అంచున ఇత్తడి పొరక కూడా మిగిలిపోయి ఉంది. పెట్రోల్ తక్కువ పోయింది, గాలి ఎక్కువైంది, ఇంజిన్ వేడెక్కింది, పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడకి పట్టేసింది. బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు అన్నీ చిన్నాయన తన డబ్బుతోనే చేయించాడు. ఆ నెల షెడ్డు అద్దెకి మా చిన్నమ్మ చీటీ డబ్బులు తీయాల్సి వచ్చింది.

ఆ రాత్రి చిన్నాయన నన్ను తిట్టలేదు. ఆ పార్టు తప్పుడుదని తెలియకపోవడం తప్పు కాదు, విప్పి చూడకుండా బిగించడమే మనిద్దరి తప్పు అన్నాడు. తర్వాత కోయంబత్తూరు నాయుడి గారి గురించి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన రెండేళ్లు కోయంబత్తూరులో ఒక లేత్ షాపులో పనిచేశాడు. అక్కడి ముసలి పనివాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరా నాయుడి గారి కథ ఒకటి ఉండేదంట. ఆయనే జి.డి. నాయుడు. ఇండియా ఎడిసన్ అంటారు. నేను అప్పటిదాకా పేరు కూడా వినలేదు. ఆ తర్వాత దొరికింది దొరికినట్టు చదివాను. చదివింది మీతో పంచుకుందామని ఇది రాస్తున్నా.

ముందు ఒక సంవత్సరం గుర్తుపెట్టుకోండి: 1893.

ఆ ఏడాది ఫిబ్రవరిలో హంగేరీలో డోనాట్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు కార్బురేటర్‌కి పేటెంట్ వేశారు. అదే కాలంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ కూడా విడిగా ఇలాంటిదే తయారుచేశాడు. అంతకుముందు ఇంజిన్లకి పెట్రోల్ ఆవిరి అందించే పద్ధతులు ఉండేవి కానీ చాలా మొరటువి. బాంకి, చోంకాల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. బుడాపెస్ట్ వీధిలో పూలమ్మే అమ్మాయి ఒక గొట్టంతో ఊది పూల మీద నీళ్లు తుంపరగా చల్లుతుంటే చూసి వాళ్లకి ఈ ఆలోచన వచ్చిందంటారు. నిజమో కాదో గానీ విషయం మాత్రం అదే. వేగంగా పోయే గాలి ఒక సన్నటి దారిలో దూరితే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనం చిన్న రంధ్రంలోంచి పెట్రోల్‌ని పైకి లాగి తుంపర చేస్తుంది. ఆ రంధ్రమే జెట్. కార్బురేటర్ మొత్తం ఆ రంధ్రం కొలత మీద ఆధారపడి ఉంటుంది. రంధ్రం వ్యాసం 10 శాతం తగ్గితే వైశాల్యం 19 శాతం తగ్గుతుంది. లెక్క ఎవరైనా చేసుకోవచ్చు, 0.9ని 0.9తో గుణిస్తే 0.81. కంటికి కనపడని తేడా, పిస్టన్‌కి మాత్రం తెలుస్తుంది.

అదే 1893లో మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో గోపాలస్వామి దొరైస్వామి నాయుడు పుట్టాడు. తెలుగు రైతు కుటుంబం. కొన్ని వందల ఏళ్ల కిందట విజయనగర, నాయక రాజుల కాలంలో అటు వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో ఇంగ్లీషులో చదివిన నాకు ఇది కొంచెం దగ్గరగా అనిపించింది. కాకపోతే ఆయన బడి త్వరగానే అయిపోయింది. మూడో తరగతి దాటలేదు. బడి మానేసి పొలం పనుల్లో పడ్డాడు.

కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక రోజు వాళ్ల ఊరి వైపు ఒక ఆంగ్ల అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది. నాయుడు జీవితం అక్కడ మలుపు తిరిగింది. ఆ బండి కొనాలి. డబ్బుల్లేవు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. సుమారు మూడేళ్లు పనిచేసి, కూడబెట్టి, 300 రూపాయలకి ఆ రడ్జ్ మోటార్ సైకిల్ కొన్నాడని చెబుతారు.

కొన్నాక ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం అనిపించింది. మనలో ఎవరైనా అయితే కొన్న రోజే ఊరంతా ఒక రౌండ్ వేస్తాం. ఈయన ముందు దాన్ని మొత్తం విప్పేశాడు. ప్రతి ముక్కా తీసి, ఏది ఎక్కడుంది, దేని పని ఏమిటి అని చూసి, మళ్లీ బిగించాడు. నేర్పించేవాళ్లు లేరు, మాన్యువల్ చదువుకునేంత ఇంగ్లీషు లేదు. అప్పట్లో మన దేశంలో మోటార్ సైకిల్ పార్టు విరిగితే ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాలి. అంతదాకా ఆగడమా, సొంతంగా చేసుకోవడమా? ఆ ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబే మిగిలిన జీవితం అంతా.

కొన్నాళ్లు ఆయన పత్తి వ్యాపారం చేశాడు. మన నంద్యాల వైపు లాగే అదీ పత్తి పండే నేల. మొదట డబ్బు బాగా వచ్చింది. తర్వాత బొంబాయి పత్తి మార్కెట్‌లో దిగి పోగొట్టుకున్నాడు. యూట్యూబ్‌లో ఇలాంటి కథలు చెప్పేవాళ్లు ఈ భాగం గబగబా దాటేస్తారు. నాకు మాత్రం ఇది ఉండాలనే అనిపించింది. ఆయనకి తెలియని సరుకులో, విప్పి చూడలేని వ్యాపారంలో దిగినప్పుడు ఆయన కూడా మునిగాడు.

తర్వాత కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్ల వ్యాపారి సాయం దొరికింది. ఆయన ఇచ్చిన అప్పుకి తన డబ్బు కలిపి ఒక బస్సు కొన్నాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సు మొదలైంది. డ్రైవర్ ఆయనే. పళని అంటే మురుగన్ కొండ, ఏడాది పొడవునా భక్తులు. మనకి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోయే బస్సు ఎలాగో అలాగన్నమాట. దుమ్ము రోడ్లు. ఆ దుమ్ములో ఒక నలుసు జెట్‌లో ఇరుక్కుంటే బస్సు అక్కడే ఆగుతుంది. బస్సులో ముసలివాళ్లు, పిల్లలు, గుండు చేయించుకోవడానికి పోయేవాళ్లు ఉంటారు. ఆగిన చోట డ్రైవరే దిగి కార్బురేటర్ విప్పి నోటితో ఊది మళ్లీ బిగించాలి. ఆయన ఎన్నిసార్లు అలా దిగి ఉంటాడో నేను ఊహించుకోగలను, ఎందుకంటే చిన్నాయన ఇప్పటికీ అదే చేస్తాడు.

ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో యూఎంఎస్ అనే పెద్ద బస్సుల కంపెనీ అయింది. టైముకి రావడానికి ఆ బస్సులు పేరుపడ్డాయి. బస్సు టైముకి రావడం డ్రైవర్ గొప్పే కాదు. ప్రతి బస్సు లోపల ఏ పార్టు ఎప్పుడు అరిగిపోతుందో ముందే తెలిసినవాళ్లు షెడ్డులో ఉంటేనే అది కుదురుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఇటలీకి వెళ్లొద్దాం. కార్బురేటర్ నాణ్యత అనే మాటొస్తే ప్రపంచంలో ఎక్కడైనా వినపడే పేరు ఎడ్వార్డో వెబర్. ఈయన 1889లో టురిన్‌లో పుట్టాడు. నాయుడు పళని దారిలో బస్సు నడుపుతున్న కాలంలోనే, 1923లో, బొలోన్యా నగరంలో కార్బురేటర్ల కంపెనీ పెట్టాడు. పెట్రోల్ ఖరీదైన రోజులు. ఫియట్ కార్లకి మార్చుకోగల కార్బురేటర్ కిట్లతో మొదలుపెట్టి, 1930లకి మజరాటీ, ఆల్ఫా రోమియో రేసు కార్లకి కార్బురేటర్లు చేసే స్థాయికి వచ్చాడు. 1945 మేలో, యుద్ధం ముగిసిన రోజుల్లో, ఆయన కనపడకుండా పోయాడు. శవం కూడా దొరకలేదు. కంపెనీ ఫియట్ చేతికి పోయింది. ఇంకా తర్వాత తయారీ బొలోన్యా నుంచి స్పెయిన్‌కి మారింది. ఇప్పుడు ఆ డిజైన్‌కి నకళ్లు కూడా బోలెడు. పాత కార్లు బాగుచేసేవాళ్లు ఈ రోజుకీ వెబర్ కార్బురేటర్ కొనే ముందు దాన్ని తిరగేసి ఎక్కడ తయారైందో చూస్తారు. మనిషి పోయినా పేరు లోహం మీద మిగులుతుంది. పేరు పోత పోయడం తేలికే. రంధ్రం సరిగ్గా వేయడమే కష్టం. నేను పేరు చూసి కొన్నా, రంధ్రం చూడలేదు.

మళ్లీ నాయుడి దగ్గరికి. బస్సుల వల్ల వచ్చిన డబ్బుతో ఆయన ఇంకో పదిమంది బస్సుల యజమానుల్లా మిగిలిపోవచ్చు. అలా చేయలేదు. 1937లో కోయంబత్తూరు పక్కన పీలమేడులో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటార్ బయటికి వచ్చింది. దాన్ని రూపొందించడంలో డి. బాలసుందరం చేయి ఉంది. ఆయన తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టాడు. ఇది చెప్పడం అవసరం, ఎందుకంటే ఇలాంటి జీవితాలు రాసేటప్పుడు ఒక్క మనిషే అన్నీ చేసినట్టు రాసేస్తాం. నాయుడు చేసిన పని, చేయగలిగిన మనిషిని పట్టుకుని, చేయడానికి చోటు ఇవ్వడం.

ఈ మోటార్ కథ మనకి దూరం కాదు. మా తాత పొలంలో బోరు మీదున్న మోటార్ కోయంబత్తూరుది. మీలో పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఈసారి ఇంటికి పోయినప్పుడు మోటార్ మీద రేకు తుడిచి చూడండి, ఊరి పేరు చాలావాటి మీద అదే ఉంటుంది. మోటార్లకీ పంపులకీ ఆ ఊరు ఇంత పేరు తెచ్చుకోవడానికి మొదలు పెట్టినవాళ్లలో ఈ మూడో తరగతి మనిషి ఒకడు.

యూరప్ వెళ్లాడు, జర్మనీలో ఫ్యాక్టరీలు చూశాడు. రసాంట్ అని డ్రై సెల్స్‌తో నడిచే చిన్న మోటార్ పెట్టిన షేవింగ్ రేజర్ చేశాడు. చాలా పలచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే మిషన్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, సినిమా కెమెరాకి దూరం సరిచేసే పరికరం, ఆఖరికి మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ మిషన్ కూడా. 1941లో ఐదు వాల్వుల రేడియోని ఇక్కడే 70 రూపాయలకి చేయగలనని ప్రకటించాడు. కెమెరా పిచ్చి కూడా ఉండేది. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియలు స్వయంగా ఫిల్ము తీశాడు. గాంధీని, నెహ్రూని, సుభాష్ చంద్రబోస్‌ని తన కెమెరాలో పట్టాడు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు కూడా. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిల్లో కొత్త రకాలు పెంచితే, ఆ తోట చూడటానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య వచ్చారు. ఈ జాబితా చూసి మొదట నాకు నమ్మకం కలగలేదు. ఒక్క మనిషికి ఇన్ని రంగాలేమిటి అనిపించింది. తర్వాత తట్టింది. ఆయనకి రంగం ఒక్కటే. ఎదురుగా ఉన్న వస్తువుని విప్పి, ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంతకంటే బాగా చేయొచ్చా అని చూడటం.

ఇప్పుడు మన కాలేజీలో అందరికీ నచ్చే భాగం.

1944లో నాయుడు తన మోటార్ వ్యాపారాల రోజువారీ పనుల నుంచి తప్పుకున్నాడు. పరిశోధనకి స్కాలర్‌షిప్పులు, పనివాళ్ల సంక్షేమానికి డబ్బు ప్రకటించాడు. ఆయన ప్రయత్నంతో, విరాళంతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ కాలేజీయే ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ, జీసీటీ. 1945లో ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? మూడో తరగతి దాటని నాయుడే.

ప్రిన్సిపాల్ అయ్యాక ఆయన వాదన ఒక్కటే. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్లు అక్కర్లేదు, అదే చదువు రెండేళ్లలో చెప్పొచ్చు, మిగతాది పిల్లల టైము వృథా. ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా చిన్న చిన్న కోర్సులు కూడా పెట్టమన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఇది నేను హాస్టల్లో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకి గుడి కట్టాలన్నాడు ఒకడు. నేనూ నవ్వాను. కానీ ఆలోచిస్తే నాకు ఆయన మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావట్లేదు. థర్మోడైనమిక్స్, గణితం, అల్గారిథమ్స్ లాంటివి చేత్తో విప్పి చూస్తే వచ్చేవి కావు, వాటికి టైము పడుతుంది. రెండేళ్లు చాలవేమో. అయితే ఆయన అడిగింది తక్కువ చదువు కాదని నాకనిపిస్తుంది. చదువులో చేతిపని ఎక్కడుందని అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వర్క్‌షాప్ లాబ్‌లో మొదటి ఏడాది నేను ఫైలింగ్ చేసిన ఇనుప ముక్క నిజానికి నా ఫ్రెండ్ చేసిచ్చింది. రికార్డులో మాత్రం నా పేరుంది. ఆ డూప్లికేట్ కార్బురేటర్ మీద పెద్ద కంపెనీ పేరున్నట్టే.

నాయుడి జీవితంలో నాకు బాధ కలిగించిన సంగతి 1952ది. ఆ ఏడాది ఆయన రెండు సీట్ల పెట్రోల్ కారు తయారుచేశాడు. రేటు 2,000 రూపాయలు. అప్పటికే పరిశ్రమల చట్టం వచ్చింది, ఏది తయారుచేయాలన్నా ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. కారుకి లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది. సామాన్యుడి చిన్న కారు అన్న మాట మళ్లీ రోడ్డు మీద కనపడటానికి 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా, అంటే 31 ఏళ్లు ఆగాల్సొచ్చింది.

ఆ కారు గొప్పగా ఉండేదా? చెప్పలేం. 2,000కి చేసిన కారులో బ్రేకులు ఎలా ఉండేవో, కార్బురేటర్ ఎండకి ఎలా తట్టుకునేదో ఎవరికీ తెలియదు. వేల కార్లు రోడ్డెక్కి, చెడి, షెడ్డుకి వచ్చి, విప్పి, సరిదిద్దితేనే నాణ్యత అనేది తయారవుతుంది. మొదటి రోజే ఎవరికీ రాదు. వెబర్‌కి ఆ అవకాశం దొరికింది. రేసులో ఓడిన ప్రతి కారు ఆయనకి ఒక పాఠం. నాయుడి కారుకి తప్పు చేసే అవకాశమే ఇవ్వలేదు. ఒక లైసెన్సు ఆపితే ఆగేది ఒక కారు కాదు, ఆ కారుకి జెట్‌లు, పిస్టన్లు, గాస్కెట్లు చేయడం నేర్చుకునే వందల చిన్న షెడ్లు కూడా. మంచి పార్టు చేయడం నేర్చుకునే చోటు లేకపోతే డూప్లికేట్ చేసేవాడికే మార్కెట్ దొరుకుతుంది. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని వాళ్లు వచ్చే సంచికలో రాయండి.

1974 జనవరి 4న, 80 ఏళ్ల వయసులో, నాయుడు చనిపోయాడు. అప్పటికి మన రోడ్ల మీద ప్రతి స్కూటర్‌లో, ప్రతి పెట్రోల్ కారులో కార్బురేటరే. తనతో ఒకే ఏడాది పుట్టిన ఆ పరికరం ఆయనకంటే చాలా ఏళ్లు ఎక్కువ బతికింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాని స్థానం ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసుకుంది. ఇప్పుడు పెట్రోల్ ఎంత పోవాలో ఒక చిన్న కంప్యూటర్, అందులో మనలాంటి వాళ్లు రాసిన కోడ్ లెక్కపెడుతుంది. అంటే జెట్ రంధ్రం వేసే పని మన చేతికి వచ్చింది. ఈ మాట అనుకుంటే నాకు కాస్త భయమేస్తుంది. నేను ప్రాజెక్టుల్లో ఎవరో రాసిన ప్యాకేజీ ఒక్క లైనుతో ఇన్‌స్టాల్ చేస్తాను. లోపల ఏముందో ఎప్పుడూ తెరవలేదు. దానికీ స్టార్ రేటింగులే చూస్తాను.

ఆర్ఎక్స్ 100 సంగతి చెప్పి ముగిస్తా. ఈసారి ఒరిజినల్ కార్బురేటరే తెప్పించాం. మూడు వారాలు అన్నది ఐదు వారాలైంది. అది వచ్చిన ఆదివారం నేను నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. చిన్నాయన డబ్బా విప్పి నా చేతికిచ్చి, బిగించే ముందు మొత్తం నన్నే చూడమన్నాడు. జెట్ తీసి పిన్నుతో కొలిచాను. స్లైడ్ వేలితో ఎత్తి వదిలితే ఎక్కడా పట్టకుండా జారుతోందా చూశాను. ఇంజిన్‌కి బిగించే అంచు చదునుగా ఉందో లేదో అద్దం ముక్క మీద పెట్టి చూశాను. ఫ్లోట్ చెవి దగ్గర పెట్టుకుని ఊపి లోపలికి పెట్రోల్ దూరిందేమో విన్నాను. గంట పట్టింది. పక్కన విగ్రహాల దగ్గర ఒకాయన కొత్తగా దిగిన రాయిని అక్కడక్కడ సుత్తితో తట్టి చెవి పెట్టి వింటున్నాడు. లోపల పగులుంటే చప్పుడు మారుతుందంట. నెలల పని పెట్టే ముందు ఆ రెండు నిమిషాలు వాళ్లు తప్పకుండా పెడతారు. చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూనే ఉన్నా, అదెందుకో ఎప్పుడూ అడగలేదు.

సంక్రాంతికి ముందు ఆ రైతు వచ్చి బండి తీసుకుపోయాడు. డబ్బులిస్తానంటే చిన్నాయన కార్బురేటర్ ఖరీదు మాత్రమే తీసుకున్నాడు. ఆయన కిక్ కొట్టి, కాసేపు అలాగే కూర్చుని ఆ చప్పుడు విన్నాడు. తర్వాత పోయాడు. ఆ రోజు నుంచి నేను మాటిమాటికీ ఫోన్ చేసి చిన్నాయనని అడుగుతూనే ఉన్నా, ఆ బండి మళ్లీ షెడ్డుకొచ్చిందా అని. ఇది రాసే రోజు దాకా రాలేదు.